ఆపరేషన్ ఇత్తడి రాయి

హెండర్సన్‌లో పట్టపగలు, అక్కడివాళ్ళు డైరీ అని పిలిచే ఓ చిల్లర కొట్టు ముందు, లైప్జిగ్ నుంచి వచ్చిన జర్మన్ లాయర్ క్రౌజె చేతిలో కాఫీ కప్పుతోనే కుప్పకూలాడు. రెండు బుల్లెట్లు. ఒకటి గొంతులో, ఇంకొకటి కంట్లో. ఏజెంట్ శ్రీపతి కారు దిగి పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం పోయింది. కాల్చినవాడి బైకు మోటర్‌వే ఎక్కేసింది. కాపాడాల్సిన మనిషి కళ్ళముందే పోతే ఎవడికైనా కడుపు మండుతుంది. శ్రీపతికి మండింది.

చీఫ్ వేదవతి కారులోనే బ్రీఫింగ్ ఇచ్చింది.

"ఇక మిగిలింది క్రౌజె క్లయింట్ హానా గారొక్కరే. తొంభై దాటాయి. వాళ్ళ నాన్న ఎమిల్ పెయింటర్. నాజీలు ఆయన పెయింటింగ్ ఎత్తుకుపోయి, ఆయన్ని క్యాంపులో చంపేశారు. ఆ పెయింటింగ్ ఇప్పుడు దొంగ బొమ్మలమ్మే గ్రాఫైట్ గ్యాంగ్ చేతిలో ఉంది. ఎమిల్ ఇంటి గోడ మీద దాన్ని చూసిన మనిషి భూమ్మీద ఈవిడొక్కరే. రేపు జర్మన్ కోర్టుకి వీడియోలో సాక్ష్యం చెబుతారు."

"మరి ఇయ్యాల?"

"టౌరంగా ఆర్ట్ సెంటర్లో ఎమిల్‌కి ఏదో మెమోరియల్ అట. ఆవిడ వెళ్ళి తీరతానంటున్నారు. నువ్వు కేర్‌గివర్‌వి. అక్కడ మన డబుల్ ఏజెంట్ నిరుపమ ఉంటుంది. గ్రాఫైట్ ఆమెను తమ మనిషే అనుకుంటోంది."

"మనం గూడ గట్లనే అనుకుంటున్నం గద మేడం?"

వేదవతి కేర్‌గివర్ యూనిఫాం అతని ఒళ్ళోకి విసిరింది.

టౌరంగాలో ఎండ కాస్తోంది. నీలం యూనిఫాం వేసుకుని శ్రీపతి వీల్‌చెయిర్ తోస్తున్నాడు. దాని వీపు బుల్లెట్‌ప్రూఫ్. హ్యాండిల్‌లో లాగితే బయటికొచ్చే ఉక్కు కడ్డీ. హానా ఒడిలో మెత్తటి గుడ్డ మడతపెట్టి ఉంది. సముద్రానికి ఆనుకుని ఉన్న ఆర్ట్ సెంటర్ గుమ్మంలో, నెమలికంఠం రంగు పట్టుచీరలో నిరుపమ ఎదురొచ్చింది. ఆమెను చూసి శ్రీపతి చూపు తిప్పుకున్నాడంటే అది పచ్చి అబద్ధం.

"టౌరంగాలో వాన ఎప్పుడు?" అన్నాడు.

"కివీపళ్ళు కోశాక." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "గన్‌మ్యాన్ టెర్రస్ మీద ఉన్నాడండి. వెనక మెట్ల మీంచి వెళ్ళండి. ఆంటీని నేను చూసుకుంటాగా."

శ్రీపతి కడ్డీ లాక్కుని వెళ్ళాడు. మూడో అంతస్తు మలుపులో కత్తి వచ్చి పక్కటెముకల మీద చర్మాన్ని చీల్చింది. హెల్మెట్ తీయకుండానే దూకాడు వాడు, హెండర్సన్ బైకువాడే. శ్రీపతి కడ్డీతో మోకాలు విరగ్గొట్టాడు. వాడు పడుతూ అతని జుట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మెట్ల మీద దొర్లారు. కింద ఆగేసరికి ఒకడి మెడ విరిగింది. అది శ్రీపతిది కాదు.

టెర్రస్ మీద రైఫిల్ లేదు. స్టాండ్ లేదు. పిట్ట కూడా లేదు. ఈ మెట్ల మీద వల హానాకి కాదు, తనకే పన్నారన్నమాట! రక్తం కారుతుండగానే కిందికి పరుగుతీశాడు.

ఆవరణలో మెమోరియల్ మీది ముసుగు తీసేశారు. నేల పలకల మధ్య చదరపు ఇత్తడి రాయి తళతళలాడుతోంది. లైప్జిగ్‌లో రెండేళ్ళు ఉన్నప్పుడు నాజీలు చంపినవాళ్ళ పేర్లు చెక్కిన ఇలాంటి రాళ్ళను శ్రీపతి రోజూ చూసేవాడు. వాటి ముందు వంగి, గుడ్డతో తుడవడం అక్కడివాళ్ళ ఆనవాయితీ. హానా అందుకే గుడ్డ తెచ్చుకుంది. వంగుతోంది కూడా.

రాయి మీద జర్మన్‌లో ఉంది: ఎమిల్ ఇక్కడ నివసించారు.

శ్రీపతి ఆ మాట రెండోసారి చదివాడు. ఆ రాళ్ళు ఎక్కడపడితే అక్కడ వేసేవి కావు. చచ్చిపోయినవాళ్ళు చివరిసారి తమ ఇష్టంతో కాపురమున్న ఇంటి ముందే వేస్తారు.

"మా నాన్న ఈ దేశం మొహమే చూడలేదే!" హానా ఇంగ్లీషులో గొణిగింది.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఎవరో ఫోటో చూసి కాపీ కొట్టారు. నిరుపమ ఫోన్ పట్టుకుని వెనక్కి నడుస్తోంది.

శ్రీపతి వీల్‌చెయిర్‌ను బలంగా తోసేశాడు. నిరుపమ హ్యాండ్‌బ్యాగ్‌లోంచే కాల్చింది. బుల్లెట్ ఎడమ భుజంలో దిగింది. కడ్డీ ఆమె మణికట్టు మీద పడింది. ఎముక పుటుక్కుమంది, ఫోన్ జారింది. కానీ అప్పటికే నొక్కేసింది. రాయి కింద బీప్, బీప్.

జనం కేకలు. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. కడ్డీ దూర్చి పెకలించాడు. రాయితో పాటు నల్లటి పెట్టె ఊడి వచ్చింది. బీప్‌లు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. ఒంటిచేత్తో రెయిలింగ్ అవతలికి విసిరి బోర్లా పడ్డాడు.

నీళ్ళు తాకకముందే పేలింది. అద్దాలు, ఉప్పునీళ్ళు, వీపు మీద వడగళ్ళలా ఇత్తడి ముక్కలు.

"అక్షరం పొల్లుపోకుండా చెక్కించానండీ," నిరుపమ పళ్ళు బిగించి మూలిగింది. "ఎక్కడ తప్పు?"

"గదే తప్పు. ఆయన ఇల్లు లైప్జిగ్‌ల ఉండె."

మర్నాడు హానా వీడియోలో కూర్చుంది. పెయింటింగ్ ఎక్కడ ఉండేదని జడ్జి అడిగాడు. "పియానో పైన. ఎండ తగిలితే రంగు పోతుందని నాన్న మధ్యాహ్నం కర్టెన్ వేసేవాడు," అంటూ ఎనభై ఏళ్ళుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చేసింది. కట్టుకట్టిన భుజంతో పక్కన నిలబడ్డ శ్రీపతికీ కళ్ళు చెమర్చాయి.

తర్వాత ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "అసలు రాయి లైప్జిగ్‌లో వేయించాలి. నువ్వే తోసుకెళ్ళాలి."

"తప్పకుండా ఆంటీ," అన్నాడు శ్రీపతి. "కాకపోతే గుడ్డ పట్టే ముందు, దాని కింద మట్టే ఉందో లేదో ఒకసారి నన్ను చూడనివ్వండి."