ఓడలు రాని రేవు

ఓడ వచ్చే రోజున ఆ ఇంట్లో టీవీ గట్టిగా మోగుతుంది. వంటింటి కిటికీకి మందపాటి కర్టెన్ పడుతుంది. ఆ కర్టెన్ తీస్తే మేడ మీద నుంచి రేవంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. కనిపించకూడదనే వేస్తారు.

ఈ ఏర్పాటంతా ఇంటి పెద్దాయన కోసం. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచి పూర్తిగా తెల్లబడేదాకా ఆయన చేసిన పని ఒక్కటే. టూరిస్టు ఓడ దిగిన వాళ్ళ పేరు బోర్డు మీద రాసి పట్టుకుని గేటు దగ్గర నిలబడటం, వాళ్ళు రాగానే సామాను డిక్కీలో సర్ది, కొండదారిలో నగరానికి తీసుకెళ్ళి హోటల్ గుమ్మంలో దింపడం. ఇప్పుడు ఆ పని కొడుకు చేస్తున్నాడు. ఏ ఓడ ఎప్పుడు వస్తుంది, ఏ టూరిస్టు పార్టీకి ఏ కారు వెళ్ళాలి, ఎవరి పేరు బోర్డు మీద ఎలా రాయాలి అన్నవి కోడలి చేతిలో ఉన్నాయి. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను. ఆవిడ ఆఫీసు వంటింట్లోనే.

పోయిన వానాకాలంలో పెద్దాయన ఒక పార్టీని నగరంలో దింపి, తిరిగి వస్తూ ఇంటి దారి మర్చిపోయారు. ఒక పెట్రోలు బంకులో కారాపి, "మా ఇల్లు ఎటండీ?" అని అక్కడివాళ్ళను అడుగుతుంటే, వాళ్ళు కారు మీదున్న నంబరుకు ఫోన్ చేశారు. మతిమరుపు జబ్బు మొదలైందని, ఇక స్టీరింగ్ ఇవ్వొద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట పెద్దాయనకు ఎవరు చెప్పాలి? కొడుక్కి నోరు పెగల్లేదు.

ఆ తర్వాత మొదటి ఓడ వచ్చిన రోజున పెద్దాయన తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి, "అమ్మాయ్, ఇవాళ ఏ పార్టీ?" అన్నారు. కోడలు పక్కనే ఉన్న భర్త వైపు చూసింది. "ఇవాళ ఓడ లేదు మామయ్యా. ఈ మధ్య మన రేవుకు ఓడలు రావడం మానేశాయట" అనేసింది. భర్త ఆమె వైపు చూసిన చూపులో బోలెడు కృతజ్ఞత ఉంది. అప్పటి నుంచి ఆ అబద్ధాన్ని ఇద్దరూ కలిసి కన్నబిడ్డలా పెంచుతున్నారు. కొడుకు కారు తీసుకెళ్తుంటే అవి ఊళ్ళో బేరాలని చెబుతారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, అతికించడానికి టీవీ, కర్టెనూ వచ్చాయి. పెద్దాయన నడిపే రెండో కారు తాళం మాత్రం పిండి డబ్బా అడుక్కి చేరింది.

ఆ రోజు ఉదయం పెద్దాయన రొట్టె ముక్క పాలలో ముంచుకుంటుండగా కరెంటు పోయింది. టీవీ నోరు మూసుకుంది. అదే క్షణంలో రేవులో ఓడ కూత పెట్టింది. గిన్నెలు సన్నగా అదిరేంత పెద్ద కూత.

పెద్దాయన చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది.

"అమ్మాయ్, వినపడిందా?"

కోడలు సింకు వైపు తిరిగింది. "ఏంటి మామయ్యా?"

"కూత."

"నాకేం వినపడలేదే."

"ఏమీ వినపడలేదా?"

"లేదు మామయ్యా. పాలు చల్లారిపోతాయి, తాగండి."

ముక్క పాలలో జారిపోయింది. ఇంతలో కోడలి ఫోను మోగింది. ఓడ ముందే వచ్చేసిందని, మొదటి పార్టీ కారెక్కేసిందని, మిగతావి దిగిపోతున్నాయని రేవు నుంచి ఫోను. ఆ మాటలు మామగారి చెవిన పడకూడదని ఆమె పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఒకరిని కాస్త ఆగమని, ఇంకొకరిని త్వరపడమని చెప్పి బయటికి వచ్చేసరికి వంటిల్లు ఖాళీగా ఉంది.

పిండి డబ్బా మూత పక్కన పడి ఉంది. గట్టు మీద పిండి. వీధి తలుపు గొళ్ళెం మీద తెల్లటి వేలిముద్రలు.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయనకు తాళం ఎక్కడుందో తెలుసు! కిందికి పరిగెత్తింది. కారు ఉండాల్సిన చోట నూనె మరక ఒక్కటే ఉంది.

భర్త అప్పటికే మొదటి పార్టీతో కొండెక్కుతున్నాడు. ఫోనులో సంగతి వినగానే అతని గొంతు మారిపోయింది.

"తాళం ఎవరికీ దొరకదన్నావు కదా!"

"అడుగున పెట్టానండీ. పైన పిండి కూడా పోశాను."

"పోసి ఏం లాభం? నువ్వు రేవుకు వెళ్ళు. నేను వీళ్ళను నడిదారిలో దింపలేను. రేడియోకి ఫోన్ చేసి, వెనకాలే రమ్మని వీళ్ళను అతనికి అప్పజెప్పి వస్తాను."

రేడియో అంటే వాళ్ళకు సాయంగా కారు తిప్పే డ్రైవరు. నిద్రలో తప్ప నోరు మూయడని తోటి డ్రైవర్లు పెట్టిన పేరది.

రేవుకు దిగే వీధులన్నీ ఏటవాలు. చెప్పులు జారుతున్నా ఆమె పరుగు ఆపలేదు. మలుపు దగ్గర జనం గుంపుగా మూగి ఉన్నారు. తోసుకుంటూ వెళ్ళి చూస్తే ఎవరిదో తోపుడుబండి బోల్తాపడి, టమాటాలు రోడ్డంతా దొర్లుతున్నాయి. "దేవుడా, టమాటాలే" అని పైకే అనేసింది. పక్కనున్నావిడ ఆమెను ఎగాదిగా చూసింది. ఎక్కడో అంబులెన్స్ మోత. అది దగ్గరవుతోందా, దూరమవుతోందా అని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి విని, మళ్ళీ పరిగెత్తింది.

కారు కనిపించింది. డ్రైవర్లు బండ్లు పెట్టుకునే వరుసలో, గీత దాటకుండా, తాళం వేసి ఉంది. ఎక్కడా గీత కూడా పడలేదు. ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుంది. కానీ పెద్దాయన లేరు.

రేడియో అప్పుడే బయల్దేరబోతూ ఆమెను చూసి అద్దం దింపాడు. "పెద్దాయన వచ్చారమ్మా! తెల్ల చొక్కా, చేతిలో బోర్డు, అచ్చం పాత రోజుల్లోలాగే. మళ్ళీ డ్యూటీ ఎక్కారేమో అనుకుని దండం కూడా పెట్టాను. నేను అటు తిరిగి ఇటు తిరిగేసరికి లేరు. నీళ్ళ వైపు నడుస్తున్నట్టు అనిపించింది."

"నీళ్ళ వైపా?"

అతను మొదటిసారి మాట దొరక్క తలూపాడు. "సార్ రమ్మన్నారు, పైకెళ్ళి ఆ పార్టీని నేను తీసుకుంటాను. మీరు గాభరా పడకండి" అని వెళ్ళిపోయాడు.

నీళ్ళ వైపు గట్టుకు రెయిలింగ్ లేదు. ఆమె గట్టంతా తిరిగింది. తిరుగుతూ నీళ్ళలోకి చూడకూడదనుకుంది, చూస్తూనే ఉంది. ఒక చోట నీటి మీద తెల్లగా ఏదో తేలుతుంటే గట్టు అంచుదాకా వెళ్ళి వంగి చూసింది. అది ప్లాస్టిక్ సంచి. ఓడలోంచి జనం వస్తూనే ఉన్నారు. పెట్టెలు, టోపీలు, కేకలు. తెల్ల చొక్కా కనిపించిన ప్రతిసారీ వెళ్ళి మొహంలోకి చూసి, "క్షమించండి" అని వెనక్కి వస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మామగారు ఆమెకు ఈ పని నేర్పుతూ చెప్పిన మొదటి మాట. "పార్టీ కనపడకపోతే వెతుక్కుంటూ పరిగెత్తకమ్మా. ఒక్కచోట నిలబడి బోర్డు ఎత్తు. తప్పిపోయినవాడు తన పేరు కోసం చూస్తాడు. నువ్వు కూడా పరిగెత్తితే ఒకరికి ఇద్దరు తప్పిపోతారు."

చేతిసంచిలో మార్కర్ ఎప్పుడూ ఉంటుంది. దుకాణంలో అట్టముక్క అడిగి తెచ్చి, పెద్ద అక్షరాలతో 'మామయ్య' అని రాసి, ఇప్పుడు ఓడ జనం బయటికి వచ్చే కొత్త గేటు ముందు ఎత్తి పట్టుకుంది. పరిగెత్తడం కంటే నిలబడటమే కష్టమని ఆమెకు అప్పుడు తెలిసింది.

జనం పలచబడుతుండగా భర్త వచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఇంట్లో ఉండి ఒక్క మనిషిని చూసుకోలేకపోయావా?"

ఆమె చేతులు దించలేదు. "చూసుకుంటూనే ఉన్నాను. మీరు చెప్పాల్సిన నిజానికి బదులు నేను అబద్ధం చెప్పి, దానికి రోజూ కాపలా కాస్తున్నాను."

"నిజం చెబితే ఆయన తట్టుకోలేరు."

"ఆయనా, మీరా?"

అతను మొహం తిప్పుకున్నాడు. నీళ్ళ వైపు కదలబోతే, "ఆగండి" అందామె. "అక్కడంతా చూశాను. లేరు. ఇక్కడే నిలబడదాం. ఆయన చెప్పిందే."

అతను బోర్డు వైపు చూశాడు. ఏడుపూ నవ్వూ కాని గొంతుతో, "ఈ రేవులో ఎంతమంది మామయ్యలున్నారో" అన్నాడు. "అయినా నాన్న బోర్డు చూసుకుంటూ వస్తారా? జన్మలో ఎప్పుడైనా బోర్డుకు ఇటువైపు నిలబడ్డారే గానీ, అటువైపు నుంచి వచ్చారా?"

ఆమె చేతిలో బోర్డు దిగిపోయింది.

"మళ్ళీ చెప్పండి."

"ఏం చెప్పను?"

"ఆయన తప్పిపోయాననుకోవడం లేదండీ. తప్పిపోయింది పార్టీ అనుకుంటున్నారు. మనలాగే ఎక్కడో బోర్డు పట్టుకుని నిలబడ్డారు. ఆయన పనిలో చేరిన రోజుల్లో పార్టీలు ఎక్కడ దిగేవి?"

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. "పాత గేటు!"

పాత గేటు ఇప్పుడు సరుకు లారీలది. మనుషులు అటు వెళ్ళరు. దుమ్ము మధ్య, లారీలు వెనక్కి తిరిగే చోట పెద్దాయన నిలబడి ఉన్నారు. రెండు చేతులతో బోర్డును గుండెలకు ఆనించి పట్టుకున్నారు. దాని మీద ఒక్క అక్షరం లేదు. ఒక లారీ హారన్ కొడుతూ ఆయన్ని రాసుకుంటున్నట్టు పోయింది. ఆయన కదల్లేదు.

"నాన్నా!" అని అరవబోయిన భర్త నోటికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఉలిక్కిపడి ఒక్క అడుగు పక్కకు వేస్తే ఇంకేమైనా ఉందా? ఆమె ఓడ దిగి వచ్చిన మనిషిలా నెమ్మదిగా నడిచి ఆయన ఎదుట నిలబడింది.

"మీరు ఎదురు చూస్తున్నది నా కోసమేనండీ."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు. "నువ్వు మా కోడలివి కదమ్మా" అన్నారు.

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని గోడ వారకు తీసుకొచ్చింది.

"పార్టీ పేరు గుర్తు రాలేదు" అన్నారాయన బోర్డు వైపు చూపించి, తప్పు చేసినవాడిలా. "ఉట్టి చేతులతో నిలబడితే పొమ్మంటారని ఖాళీదే పట్టుకున్నాను. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్తావా?"

"అడగండి మామయ్యా."

ఆయన గొంతు తగ్గించారు. వేలితో గోడ అవతలికి చూపించారు. అక్కడ ఓ వీధి వీధంతా లేచి నిలబడినంత ఎత్తున తెల్లటి ఓడ ఉంది.

"అక్కడ ఓడ ఉందా?"

ఆమె ఓడ వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూసింది.

"నాకు కనపడుతోంది. కూత కూడా వినపడుతుంది, ప్రతిసారీ. టీవీ మోగుతున్నా లోపలెక్కడో వినపడేది. నువ్వేమో ఓడలు రావడం లేదన్నావు. నువ్వు నాతో అబద్ధం చెప్పవు. అంటే నా బుర్రలోనే మోగుతోందన్నమాట. దారులు మర్చిపోతే సరేలే, వయసు అనుకోవచ్చు. లేని ఓడలు కనపడుతుంటే ఆ మనిషిని ఇంకేమంటారమ్మా? రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. మీకు చెప్పాలన్నా భయమేసేది. దగ్గరికెళ్ళి చూస్తే తేలిపోతుందనుకున్నాను. దారంతా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నడిపాను. తీరా చూశాక, నా కళ్ళను నేను నమ్మొచ్చో లేదో తెలీలేదు."

తన భయమంతా ఆయన ఎక్కడ తప్పిపోతారో అని. ఆయన్ని ఆయన మనసులోనే తప్పిపోయేలా చేసింది తనేనని కోడలికి అర్థమైంది. పొద్దున "నాకేం వినపడలేదే" అన్న తన మాట చెంపదెబ్బలా తిరిగి తగిలింది. ఆయన చేతులు పట్టుకుని నుదుటికి ఆనించుకుంది.

"ఉంది మామయ్యా. ఓడ ఉంది. ఎప్పుడూ వస్తూనే ఉంది. మీకు వినపడిన ప్రతి కూతా నాకూ వినపడింది. మీ బుర్రలో ఏమీ మోగలేదు. అబద్ధం నాది" అంటూ వెక్కివెక్కి ఏడ్చేసింది.

కొడుకు దగ్గరకొచ్చి తల వంచుకున్నాడు. "చెప్పాల్సింది నేను నాన్నా. డాక్టరు మీకు మతిమరుపు జబ్బన్నాడు. కారు నడపకూడదన్నాడు. చెప్పే ధైర్యం లేక..."

పెద్దాయన బోర్డు కింద పెట్టారు. ఆయన భుజాలు మెల్లగా దిగాయి.

"అంతేనా?" అన్నారు. "మర్చిపోతున్నది నేనే కదరా, ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా?"

జేబులోంచి తాళం తీసి కోడలి అరచేతిలో పెట్టారు. దానికింకా పిండి అంటుకునే ఉంది. "ఇంద. ఇక నడపను. పిండి డబ్బాలో దాచక్కర్లేదు, మేకుకు తగిలించు. మనం తినేది ఆ పిండేనమ్మా."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. కొడుకు వెళ్ళి కారు తెచ్చి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు, పార్టీకి తీసినట్టు. సొంత కారులో ఎప్పుడూ వెనక కూర్చోని మనిషి ఒక్క క్షణం తటపటాయించి ఎక్కారు. కోడలు పక్కన కూర్చుంది. ఇల్లు చేరేదాకా ఆయన ఆమె చెయ్యి వదల్లేదు.

వంటింటి కర్టెన్ ఆ సాయంత్రమే తీసేశారు. మళ్ళీ ఓడ వచ్చిన రోజున పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కోడలు చెబుతున్న పేరును బోర్డు మీద నెమ్మదిగా రాస్తున్నారు. కూత వినపడింది. ఆయన చెయ్యి ఆగింది. ఎదురుగా అంత పెద్ద ఓడ కనపడుతున్నా దాని వైపు చూడలేదు, తలెత్తి కోడలి మొహంలోకి చూశారు.

ఆమె స్టవ్ ఆపి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"వినపడింది మామయ్యా" అంది. "నాకూ వినపడింది."