ఓడలో పళ్ళ డాక్టరు

గ్రీసు దేశపు పిరేయస్ రేవులో కాఫీ తాగుతున్న మనిషి కప్పు కింద పెట్టలేదు. కప్పుతో సహా తనే కింద పడ్డాడు. డాక్టర్లు గుండెపోటన్నారు. మెడ వెనక సూది గుచ్చిన చుక్క కనిపించాక మాత్రం ఆ మాట మళ్ళీ అనలేదు.

"ఇద్దరు సాక్షుల్లో ఒకడు పోయాడు," గూఢచారి శాఖ కల్నల్ మవ్రూలిస్ కిటికీ కర్టెన్ లాగేశాడు. "మిగిలింది అర్గిరో ఒక్కతే. మన కోడ్ రూంలో పనిచేసి రిటైరయింది. ఆ విదేశీ ముఠాకి మనవాళ్ళలో ఎవరెవరు అమ్ముడుపోయారో ఆమెకే తెలుసు. ఇటలీలోని ట్రియెస్టెలో జడ్జి ముందు చెప్పేదాకా ఆమె బతకాలి."

"విమానం ఎక్కించేస్తే పోలా సార్?" అన్నాడు ఏజెంట్ స్టమాటిస్.

"ఎయిర్‌పోర్టు నిండా వాళ్ళ మనుషులే. అందుకే ఓడ. స్పెయిన్ దాకా వెళ్ళి, తిరిగొస్తూ ట్రియెస్టెలో ఆగే పెద్ద క్రూయిజ్. అంతమంది ముసలమ్మల్లో ఈ ముసలమ్మని ఎవడు పట్టుకుంటాడు?"

కల్నల్ వేలు చూపించాడు. "రెండ్రోజుల ట్రిప్పు అనుకోకు. మొదటి వారం అందరూ నవ్వుతారు. రెండో వారానికి ఎవరి కుర్చీ వాళ్ళది, ఎవరి టేబుల్ వాళ్ళది. బట్టలుతికే మిషన్ దగ్గర తగాదాలు. చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేం కనపడని రోజులొస్తాయి. మధ్యలో కొత్తవాళ్ళు ఎక్కుతారు కాబట్టి లైఫ్ జాకెట్ డ్రిల్ మళ్ళీ పెడతారు. అన్నీ అలవాటైపోయి కళ్ళు మూతలు పడతాయి చూడు, అప్పుడే కొడతారు."

"నాకు తోడెవరు?"

"ఎలేని. ముఠా లోపల ఉన్న మన మనిషి. బార్సిలోనాలో ఎక్కుతుంది. ఆమెను నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. కోడ్ మాట చెబితే చాలు, ఇక ఆమె మాటే ఆర్డర్."

"నా వేషం?"

"పెళ్ళాం పోయిన పళ్ళ డాక్టరు."

అదే స్టమాటిస్ కొంప ముంచింది. ఓడ నిండా పెద్దవాళ్ళు. డెక్ మీద కనిపిస్తే చాలు, నోరు తెరిచి నిలబడేవారు. ఫోటోలు తీసే కళ్ళజోడు ఉంది, చెవిటి మిషన్‌లా కనిపించే రేడియో ఉంది. పళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క తెలియదు.

"డాక్టరూ, ఈ కింది పన్ను ఊగుతోందయ్యా. మాట్లాడితే ఈల వేస్తోంది," అర్గిరో రోజూ అడిగేది.

"రేపు చూద్దాం అమ్మా."

"నీ రేపు వచ్చేలోపు ఇది ఊడి సూప్‌లో పడుతుంది నాయనా!"

బార్సిలోనాలో ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న ఒకావిడ ఓడ ఎక్కింది. ఆమె నడుస్తుంటే పేకాటగాళ్ళు ముక్కలు వెయ్యడం మర్చిపోయారు. స్టమాటిస్ పక్కన రెయిలింగ్‌కి ఆనుకుని, "ఈ సముద్రంలో ఉప్పు తగ్గింది," అంది.

"అయితే రెండు ఆలివ్ కాయలు వేసుకోండి."

కోడ్ సరిపోయింది. స్టమాటిస్ ఊపిరి పీల్చుకున్నాడు. ఎలేని వారంలోనే అర్గిరోకి కూతురు లాంటిదైపోయింది. ఊలు ఉండలు చుట్టేది, చెయ్యి పట్టుకుని మెట్లు దింపేది. అయినా స్టమాటిస్‌కి నిద్ర సరిగా పట్టడం లేదు. ఎందుకో తనకే తెలియదు.

మే ఇరవై ఒకటి. తెల్లారితే ట్రియెస్టె. భోజనాల దగ్గర ఎలేని ఆలస్యంగా వచ్చి కూర్చుంది.

"అర్గిరోగారు కేబిన్‌లోనే ఉన్నారు. కాసేపట్లో డ్రిల్ కదా, పై అర ఆవిడకి అందదు. లైఫ్ జాకెట్ కిందకి దించి, బెల్టులవీ సర్ది వచ్చా."

"మంచి పని చేశారు," అన్నాడు స్టమాటిస్.

అంతలో హెడ్ వెయిటర్ కోస్తాస్, పంచదార పొడి గుట్టగా చల్లిన బిస్కెట్ల ట్రేతో ఊడిపడ్డాడు. "మేడం! మనిద్దరిదీ ఇవాళే! ఓడంతా నేనొక్కణ్ణే పంచుతున్నాను, మీ ట్రే ఏదీ? ఇంత పిసినారితనమా!"

ఆమె అందంగా నవ్వింది. "పొరపాటు పడ్డావయ్యా. నా పుట్టినరోజు నవంబర్లో."

కోస్తాస్ నవ్వు సగంలో ఆగిపోయింది.

పుట్టినరోజు మర్చిపోయే గ్రీకులు ఉంటారు. తమ పేరు పెట్టుకున్న సెయింటు పండుగ మర్చిపోయేవాళ్ళు ఉండరు. మే ఇరవై ఒకటి కోస్తాస్, ఎలేని పేర్ల వెనక ఉన్న ఇద్దరు సెయింట్ల పండుగ. ఆ రోజు కోస్తాస్‌లూ ఎలేనిలూ ఊరందరికీ తీపి పంచుతారు. గ్రీకు ఊరు తెసలొనీకిలో పుట్టి పెరిగానన్న ఎలేనికి అది తెలియకపోవడమేమిటి?

స్టమాటిస్‌కి ఆమె ఇందాకటి మాటలు గుర్తొచ్చాయి. లైఫ్ జాకెట్. బెల్టులు సర్దింది.

సరిగ్గా అప్పుడే డ్రిల్ సైరన్ మోగింది.

"కూర్చో డాక్టరూ," ఆమె గొంతు మారింది. బల్ల కింద లిప్‌స్టిక్ గొట్టం అతని వైపు తిరిగి ఉంది. "లేస్తే ఇది పేలుతుంది."

"అసలు ఎలేని ఏది?"

"పాపం, ఓడ దాకా రాలేదు."

స్టమాటిస్ ట్రే అడుగున ఒక్క చరుపు చరిచాడు. పంచదార పొడంతా ఆమె కళ్ళలో పడింది. గుండు పైకప్పులోకి దూసుకుపోయింది. "పట్టుకో కోస్తాస్!" అని అరిచి, కోస్తాస్ ఆమె చేతులు వెనక్కి విరవడం చూసి పరుగు తీశాడు.

లిఫ్టులు ఆపేశారు. మెట్ల నిండా నారింజ రంగు జాకెట్లు పైకి వస్తున్నాయి. ఇతనొక్కడే కిందకి.

"కంగారు పడకండి డాక్టర్, ఉత్తి డ్రిల్లే!" ఎవరో నవ్వారు.

కారిడార్ చివర, కేబిన్ గుమ్మంలో అర్గిరో జాకెట్ తలమీదుగా వేసుకుంటోంది. కాలరు చెవుల దాకా వచ్చేసింది. స్టమాటిస్ రెండు చేతులతో దాన్ని లాగేశాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

కాలరు లోపల సన్నటి సూది మెరుస్తోంది. దాని కొసన తడి.

అర్గిరో ఆ సూది వైపు చూసింది. "ఆ పిల్ల నాకు ఊలు చుట్టేదయ్యా," అంది.

స్టమాటిస్ చొక్కా చేతికి ఇంకా పంచదార అంటుకుని ఉంది. ఇవాళ తీపి పంచాల్సిన అసలు ఎలేని ఎక్కడో పడి ఉంది, ఆమె ముఖమైనా అతను ఎరగడు. నెమ్మదిగా శిలువ గుర్తు వేసుకున్నాడు.

"రేపు జడ్జి ముందు మాట్లాడగలవా అమ్మా?"

"మాట్లాడతాను. ఒక్క పేరు వదలను," అర్గిరో గోడ పట్టుకుని లేచింది. తర్వాత నోరు బార్లా తెరిచి అతని ముందుకి వంగింది. "కానీ ప్రతి పేరుకీ ఈల వేస్తే జడ్జి నవ్వుతాడు. ఇప్పుడైనా ఈ పన్ను సంగతి చూడవయ్యా డాక్టరూ!"