కిరిల్ నలభయ్యో రోజు

"ఫోర్‌మన్ సైనైడ్ మింగాడు," అన్నాడు గూఢచార శాఖ కల్నల్ పొలుయాన్. "మన ఖర్మ కాకపోతే, చచ్చేముందు సగమే చెప్పి చచ్చాడు."

మేజర్ గ్లేబ్ జిమిన్ ఓవర్‌కోటు విప్పకుండా నిలబడే విన్నాడు.

"ఏం చెప్పాడు?"

"బ్లేడు చేతులు మారిందట. ఇవాళ్టి రైల్లో పోతోందట. అంతే."

వేలెడంత బ్లేడు. పైలట్ కిరిల్ నడుపుతున్న జెట్ విమానం కూలినప్పుడు ఇంజన్ ముక్కలన్నీ ఏరుకొచ్చి షెడ్డులో పేర్చారు. అందులోంచి ఒక టర్బైన్ బ్లేడుని ఆ ఫోర్‌మన్ మాయం చేశాడు. జెట్ ఇంజన్ లోపలి వేడికి మామూలు ఉక్కు మైనంలా సాగుతుంది. సాగిన బ్లేడు గోడకు రాసుకుంటే ఇంజన్ పేలిపోతుంది. వోల్గా ఒడ్డున ఉన్న ఆ కర్మాగారంలో అలా ఎన్ని ఇంజన్లు పేలాయో, ఎందరు పోయారో పైకి చెప్పేవాళ్ళు లేరు. చివరికి సాగని మిశ్రమ లోహం ఒకటి కుదిరింది. పశ్చిమ బెర్లిన్‌లో కూర్చున్న 'కాస్పర్' గూఢచారి ముఠాకి దాని ఫార్ములా అక్కర్లేదు. బ్లేడు ఒక్కటి చిక్కితే చాలు, మిగతాది వాళ్ళ ల్యాబ్ చెబుతుంది.

"జర్మన్లని సోదా చేశారా?" అడిగాడు జిమిన్. యుద్ధం అయ్యాక పట్టుకొచ్చి ఏళ్ళ తరబడి పనిచేయించుకున్న జర్మన్ ఇంజినీర్లు ఆ రైల్లోనే ఇళ్ళకు పోతున్నారు.

"బట్టలిప్పి మరీ చేశాం. ఏమీ లేదు. మిగిలింది వాళ్ళని తీసుకెళ్ళడానికి బెర్లిన్ నుంచి వచ్చిన ముగ్గురు. డాక్టరు, విలేకరి, రైల్వే ప్రతినిధి. అతిథులట, వేలు కూడా వెయ్యొద్దని పైనుంచి ఆర్డరు. ఒక్కడిమీద చెయ్యివేస్తే నేనెలాగో సర్దుకుంటాను. ముగ్గురిమీదా వేస్తే రేపు నీ కుర్చీ ఉండదు, నా కుర్చీ ఉండదు."

"అంటే ఒక్కటే ఛాన్సు."

"అది కూడా తప్పిందనుకో, రైలు కదలగానే రిమ్మాని లోపలేస్తాను."

రిమ్మా కజిమీరోవ్నా కర్మాగారంలో దుబాసీ. బెర్లిన్‌లో ఉన్నప్పుడు కల్నల్ చెప్పబట్టే కాస్పర్ ముఠాలో చేరింది. వాళ్ళ జీతం తీసుకుంటూ వాళ్ళ గుట్టు ఇక్కడికి చేరవేసేది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషిని ఏ ఒడ్డూ నమ్మదు. అంతకు మించి, ఆమె కిరిల్ భార్య.

"కొరియర్ వస్తే ముందు తనకే కోడ్ చెప్పాలిగా? 'ఈ ఏడు వోల్గా ఆలస్యంగా గడ్డకడుతుందట' అని. ఎవరూ చెప్పలేదంటోంది."

"చెప్పలేదో, తను దాస్తోందో! జాలి మానెయ్ జిమిన్. ఇవాళ కిరిల్ పోయి నలభయ్యో రోజుట కదా, స్టేషన్ పక్కన తన గదిలో భోజనాలు పెడుతోంది. ముగ్గురినీ నేనే పిలిపించాను. వెళ్ళి చూసుకో."

కిరిల్, జిమిన్ యుద్ధంలో ఒకే రెజిమెంటులో తిరిగినవాళ్ళు. చివరి రోజు కూడా జిమిన్ కంట్రోల్ టవర్‌లోనే ఉన్నాడు. రేడియోలో కిరిల్ గొంతు ఎప్పటిలాగే హుషారుగా ఉంది. "గ్లేబ్, లోపల ఏదో ఈల వేస్తోందిరా," అన్నాడు. ఇంధనం పంపు విరిగింది. ఆ తర్వాత రేడియోలో ఈల తప్ప ఏమీ లేదు. ఇప్పుడు కెటిల్ మరిగినా, కిటికీ సందులోంచి గాలి వీచినా జిమిన్ ఉలిక్కిపడి ఎవరో పిలిచినట్టు వెనక్కి చూస్తాడు. వాణ్ణి ఆపలేకపోయాడు. వాడి భార్యనైనా కాపాడలేకపోతే ఇక తన ముఖం తను చూసుకోలేడు.

మధ్యాహ్నానికి అతని ముఖానికి ఎర్ర గడ్డం, కళ్ళజోడు వచ్చాయి. మెడలో కెమెరా. స్థానిక పత్రిక ఫొటోగ్రాఫర్. కెమెరా పక్కకి ఫొటో తీసేలా లోపల అద్దం అమర్చి ఉంది.

తలుపు తీసిన రిమ్మా నల్ల గౌనులో, ఎర్రటి పెదాలతో, ఏడ్చిన జాడ లేకుండా ఉంది.

"గడ్డం ఒంకరగా ఉంది," అంది గొంతు తగ్గించి. "కిరిల్ చూసుంటే పొర్లి పొర్లి నవ్వేవాడు."

"రిమ్మా, నిజం చెప్పు. ఎవరైనా నిన్ను పలకరించారా?"

"లేదు. నన్ను వాళ్ళూ నమ్మడం మానేశారు. మీ కల్నల్ ఎప్పుడో మానేశాడు. నువ్వు?"

"నమ్మకపోతే ఈ గడ్డం ఎందుకు పెట్టుకుంటాను?"

బల్లమీద కిరిల్ ఫొటో, దాని ముందు పోయినవాడి వంతుగా అంచుదాకా పోసిన వోడ్కా గ్లాసు, గ్లాసు మీద నల్ల రొట్టె ముక్క. గోధుమల పాయసం, పాన్‌కేకులు. జర్మన్ ఇంజినీర్లు టోపీలు తీసి ఓ మూలకి సర్దుకున్నారు. బెర్లిన్ అతిథులు ముగ్గురూ బల్లకి ఇటు పక్క ఉన్నారు. డాక్టరు లావుపాటి నవ్వులరాయుడు. విలేకరి ఎవరితోనూ మాట్లాడకుండా తింటున్నాడు. బ్రూనో వీక్ అనే రైల్వే ప్రతినిధి థర్మోస్ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, తనకి రష్యన్ ఒక్క ముక్క రాదని చేతులతో చెబుతూ మర్యాదగా తల ఊపుతున్నాడు.

రిమ్మా గ్లాసు ఎత్తింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. డాక్టరు ఉత్సాహంగా "ప్రోస్ట్!" అంటూ వీక్ గ్లాసుకి తన గ్లాసు తాకించబోయాడు. వీక్ గ్లాసు చటుక్కున వెనక్కి లాక్కుని, లేచి నిలబడి గడగడా తాగేశాడు. డాక్టరు గ్లాసు విలేకరి గ్లాసుకి ఠంగుమని తగిలింది.

"అయ్యో, ఇదేం మనిషండీ!" అందో ముసలామె. "పోయినవాళ్ళ పేరున తాగేటప్పుడు గ్లాసులు తాకించుకుంటారా ఎక్కడైనా?"

రిమ్మా అది జర్మన్‌లో చెప్పాక డాక్టరు ముఖం కందగడ్డయింది. జిమిన్ డాక్టర్ని, విలేకర్ని ఫొటోలు తీశాడు. ఆ తడబాటు నటనేమోనని వాళ్ళ చేతులు, చూపులు కనిపెడుతూ కూర్చున్నాడు. వీక్ ఒక్కడే పద్ధతి తెలిసిన పెద్దమనిషి అనిపించింది. అనుమానం అటు పోనేలేదు.

ప్లాట్‌ఫారం మీద మంచు పడుతోంది. రిమ్మాకి అటూ ఇటూ ఇద్దరు సిపాయిలు అప్పటికే నిలబడ్డారు. కల్నల్ గడియారం చూసుకుంటున్నాడు.

"ఎవడు?"

"డాక్టరేమో..." అన్నాడు జిమిన్. ఇంజన్ ఈల వేసింది. ఆ ఈలకి ఎప్పటిలాగే ఉలిక్కిపడ్డాడు. కిరిల్ ముఖం, ఫొటో, రొట్టె కప్పిన గ్లాసు కళ్ళముందుకొచ్చాయి. గ్లాసు వెనక్కి లాక్కున్న చెయ్యి కూడా.

మెట్టెక్కుతున్న ముసలి జర్మన్ ఇంజినీర్ని భుజం పట్టి ఆపాడు. "హెర్ డ్రెసెల్, గ్లాసు తాకించకూడదని వీక్‌కి మీలో ఎవరైనా చెప్పారా?"

"లేదే! మీరు చెప్పారనుకున్నాను."

రైలు కదిలింది. జిమిన్ గడ్డం ఊడి మెడలోకి జారుతున్నా పట్టించుకోకుండా పరుగెత్తి ఫుట్‌బోర్డు మీదకి గెంతి ఎమర్జెన్సీ బ్రేకు లాగాడు. వీక్ కంపార్ట్‌మెంట్‌లో ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు.

"ఇలా ఇవ్వు."

వీక్ అర్థంకానట్టు జర్మన్‌లో ఏదో అన్నాడు. జిమిన్ ఫ్లాస్కు లాక్కుని వేడి కాఫీ నేలమీద ఒంపాడు. అడుగు తిప్పాడు. కదల్లేదు. ఎదురు తిప్పాడు, ఊడొచ్చింది. మడత పెట్టిన గుడ్డలోంచి బ్లేడు జారి అరచేతిలో పడింది.

వీక్ సీట్లో కూలబడ్డాడు. నోరు విప్పాడు. స్వచ్ఛమైన రష్యన్.

"ఎలా పట్టుకున్నావు?"

"డాక్టరుతో గ్లాసు తాకించలేదు."

"తాకించాల్సింది." కళ్ళు తుడుచుకున్నాడు. "విప్లవంలో రష్యా వదిలి పారిపోయిన మా నాన్న ప్యారిస్‌లో టాక్సీ నడుపుతూ పోయాడు. అమ్మ ఇలాగే గ్లాసు మీద రొట్టె పెట్టేది. ఏడాది ట్రైనింగ్ ఇచ్చారు నాకు, జర్మన్‌వాడిలా నడవడం, ముక్కు చీదడం దాకా. కానీ చెయ్యి రాలేదయ్యా. ఇంతకీ ఆ ఫొటోలో ఎవరు?"

"పైలట్. ఈ బ్లేడున్న ఇంజనే నడిపాడు."

వీక్ శిలువ గుర్తు వేసుకున్నాడు. ఎడమ నుంచి కుడికి కాదు, రష్యన్లలా కుడి నుంచి ఎడమకి. ఇక దాచడానికేమీ లేదు కదా. శత్రువని తెలిసినా జిమిన్‌కి అతని చేతికి సంకెళ్ళు వేయడం కష్టంగానే అనిపించింది. కిరిల్‌కోసం ఆ రోజు మనస్ఫూర్తిగా తాగినవాళ్ళలో వీడొకడు.

కిందికి దిగేసరికి సిపాయిలు రిమ్మాని వదిలేశారు. ఆమె దగ్గరికొచ్చింది. అతని కాలరులో ఇరుక్కున్న గడ్డం పీకి చేతిలో పెట్టింది.

కల్నల్ బ్లేడుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు.

"చూడవమ్మా, అంత మంటలో కాలినా ఒక్క గీత పడలేదు! మళ్ళీ ఇంజన్లో బిగించెయ్యొచ్చు."

"బిగించండి కల్నల్ గారూ," అంది రిమ్మా. "దానికి తోడుగా పంపడానికి ఇంకో పైలట్‌ని కూడా చూసుకోండి."

కల్నల్‌కి ఆ దెబ్బ తగల్లేదు.

"దొరికాడు," అన్నాడు సంతోషంగా. "సోమవారం ఎగురుతున్నాడు."