చెప్పింది తిరిగి చెప్పాలి

పని నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజే జీవరాజు మేబెల్ చేత చీవాట్లు తిన్నాడు.

"'సరేనండి' ఏందీ? నేను 'పైకి పంపు' అంటే నువ్వు సుత 'పైకి పంపు' అనాలె. తిరిగి చెప్పకుండ స్విచ్ నొక్కితే నా పానం పోతది!"

లిఫ్టులు బాగుచేసే చోట అదే రూలు. డాబా మీది మోటారు గదిలో ఒకరు, కింద లిఫ్టు గుంతలో ఒకరు, మధ్య ఇంటర్‌కమ్. ఒకరి మాట రెండోవారు పొల్లుపోకుండా తిరిగి చెప్పాకే లిఫ్టు కదలాలి.

ఇద్దరూ ఒకే పాలిటెక్నిక్ కాలేజీ పంపిన అప్రెంటిస్‌లు; మేబెల్ ఓ వారం ముందు చేరింది. స్టైపెండ్‌లో సగం సర్కారుది, సగం ఓనర్ సదాశివది. మేబెల్‌ది సికింద్రాబాద్‌లోనే తిరుమలగిరి. జీవరాజుది నర్సాపురం. రాంగోపాల్‌పేట్‌లోని అద్దె గదికి వెళ్తే పలకరించే దిక్కు లేదు. ఆదివారం చర్చి అయ్యాక కూడా ఎవరి వాళ్లతో వాళ్లు వెళ్లిపోయేవారు. పాపం, అతనికి సికింద్రాబాద్ అంటే ఇంటర్‌కమ్‌లో వినబడే ఆ గొంతే.

"తిన్నవా?"

"తిన్నవా?"

"అరే, ఇది తిరిగి చెప్పేది కాదు, జవాబియ్యి!" అని మేబెల్ పగలబడి నవ్వేది.

ఏడాది ఇట్టే గడిచిపోయింది. గడువు తీరి సర్కారు ఇచ్చే సగం ఆగేసరికి సదాశివ చేతులెత్తేశాడు. "ఇద్దర్ని నేనొక్కన్నే ఏడ సాకుత బిడ్డా?"

సాయంత్రం నర్సాపురం బండి. చివరి లిఫ్టు పని. బయట ఒకటే వాన.

"పైకి పంపు," అంది గుంతలోంచి మేబెల్.

పైన మోటారు గదిలో జీవరాజు స్విచ్ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఏందీ, సప్పుడు లేదు?"

"ఊరెళ్తే ఈ గొంతు వినపడదు. మీరంటే నాకు ఇష్టమండి."

ఉన్న ఒక్క తోడునూ నోరు జారి పోగొట్టుకున్నానే అని అతని ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు ఇంటర్‌కమ్‌లో ఒక్కో మాటే పలికిందా గొంతు. "మీరంటే నాకు ఇష్టమండి."

"అది... రూలు కోసమా?"

"నీ మొకం! బండెక్కకు. ఏడాది నిండినోళ్లను వేరే సర్కారు పైసలతోని కొత్త కంపెనీలకు పంపుతున్నరట కాలేజోళ్లు. రేపు ఇద్దరం పోయి అడుగుదాం. జెర కిందికి రా!"

తిరిగి చెప్పడం మరిచి, మెయిన్ స్విచ్ ఆపేసి, ఐదంతస్తుల మెట్లూ ఉరుకుల పరుగుల మీద దిగాడు.

గ్రీజు చేతులతో గుంత బయట నిలబడి ఉంది మేబెల్.

"తిన్నవా?"

"లేదండి."

"నడు మరి. నీ సంగతి అమ్మకు ఎప్పుడో చెప్పిన. అన్నం వండి ఎదురు చూస్తుంటది."