వినోదిని దాచిన ఆరు నెలలు

ఉదయం తొమ్మిది గంటలు. వేలూరు కోట ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో ఏజెంట్ వినోదిని ముందుకు ఒక జిరాక్స్ కాగితం జరిగింది. జరిపింది షాలిని. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, కోడ్‌నేమ్ ‘నెమలి’. విదేశీ గూఢచారుల ముఠాలో మన ఇన్‌ఫార్మర్ అనుకున్నాం. ముఠా కోసం మన దగ్గర చేరిందని వినోదినికి ఇప్పుడు తెలిసింది. రెండు చోట్లా జీతం తీసుకునే మహాతల్లి!

ఆ కాగితం పన్నెండేళ్ళ కిందట గుడియాత్తంలో ఒక చేనేత సంఘం ఇచ్చిన ఆర్డరు. పవర్‌లూమ్ లుంగీలను చేతిమగ్గం సరుకని అమ్మినందుకు, అప్పట్లో అక్కడ పనిచేసే వినోదినికి ఆరు నెలల సస్పెన్షన్. తర్వాత మూడేళ్ళకు సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారంలో ‘ఎప్పుడైనా సస్పెండ్ అయ్యారా?’ అని అడిగితే ఆమె ‘లేదు’ అని రాసింది.

షాలిని మెత్తగా బేరం పెట్టింది. పదకొండింటి రైలుకు గుడియాత్తంలో ఎనిమిది మంది లుంగీ వ్యాపారులు ఎక్కుతారు. ఒకడు తమవాడు. అతని మూటలో రాడార్ డ్రాయింగుల మెమరీ కార్డు ఉంది. వినోదిని చూడనట్టు ఊరుకుంటే చాలు. లేదంటే ఈ కాగితం ఆఫీసుకు పోతుంది.

వినోదినికి ఒళ్ళు మండింది. కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి చీఫ్ గోపినాథ్‌కు పంపింది.

“నీకెందుకమ్మా శ్రమ? నేనే పంపేసినాను.”

షాలిని మొహం మాడిపోయింది. ముఠాకు కబురు పెట్టేలోపే, వినోదినికి తోడుగా బయట కాపున్న టీం ఆమెను జీపెక్కించింది. కార్డు మోసుకొచ్చేవాడు ఎవరో మాత్రం ఆమె చెప్పలేదు.

గోపినాథ్ ఫోన్ చేశాడు. “ఈ నిమిషం నుంచి నీకు క్లియరెన్స్ లేదమ్మా. తెలిసీ తెలియని వయసులో చేసిన తప్పయితే క్షమిస్తారు. ఫారంలో అబద్ధం రాస్తే క్షమించరు. పిస్టలు, ఫైలు టీంకు ఇచ్చేసెయ్.”

“ఇచ్చేస్తా సార్. లుంగీలు చూసేదానికి క్లియరెన్స్ ఎందుకు? దొంగ వ్యాపారి ఎవరో వాడి సరుకే చెప్తుంది.”

గోపినాథ్‌కూ వేరే దారి లేదు. పోలీసులతో అందరి మూటలూ విప్పిస్తే అసలువాడు కార్డును మింగేస్తాడు.

టోకు వ్యాపారి వేషంలో, వక్కాకు నములుతూ వినోదిని గుడియాత్తం ప్లాట్‌ఫారం మీద ఒక్కో మూటా చూసింది. ఆరు చూసేసరికి రైలు వచ్చింది. ఆగేది రెండే నిమిషాలు. ఏడో మూట రూపేష్ అనేవాడిది. లుంగీ అంచు తడిమి ఆమె ఆగిపోయింది.

చేతిమగ్గం మీద బట్ట బిగువుగా ఉండేందుకు రెండు కొనలా ముళ్ళున్న కర్ర పెడతారు. నేసేవాళ్ళు దాన్ని చేత్తో జరుపుతారు గనక అంచులో చిల్లులు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడతాయి. ఇక్కడ స్కేలు పెట్టి పొడిచినట్టున్నాయి. పవర్‌లూమ్ లుంగీలకు సూదితో చిల్లులు పొడిచి, పందొమ్మిదేళ్ళప్పుడు వినోదిని సరిగ్గా ఇలాగే దొరికిపోయింది!

“ఎవరప్పా పొడిచింది? నాకంటే అధ్వాన్నంగా ఉండాది.”

రైలు కదిలింది. రూపేష్ మూట లాక్కుని పెట్టె మెట్టు మీదికి దూకాడు. వినోదిని మూట పట్టి గుంజింది. ఇద్దరూ కిందపడ్డారు. లుంగీలు ప్లాట్‌ఫారమంతా పరుచుకున్నాయి. అతను ఒకదాని కుట్టు చించి కార్డు నోట్లో వేసుకున్నాడు. ఆమె రెండు దవడలూ నొక్కి పట్టింది. గుటక పడేలోపు కార్డు ఆమె అరచేతిలోకి వచ్చింది.

ప్లాట్‌ఫారం చివర టీంతో కాపు కాసిన గోపినాథ్ పరుగెత్తుకొచ్చి, రూపేష్‌ను వాళ్ళకు అప్పగించి, ఆమెను పక్కకు పిలిచాడు. “సస్పెన్షన్ సంగతి ముందే నాతో చెప్పినావని రిపోర్టులో రాస్తాను. ఉద్యోగం నిలబడుతుంది.”

అతని గొంతులో ప్రేమే ఉంది. అందుకే వినోదినికి ఏడుపొచ్చినంత పనైంది.

“వద్దు సార్. ఒక్క అబద్ధానికి తొమ్మిదేళ్ళు కాపలా కాసినాను. ఇంకోదానికి కాయలేను. ఉండేది ఉన్నట్టు రాయండి. అప్పీలు నేనే చేసుకుంటా.”

గోపినాథ్ ఉన్నదున్నట్టే రాశాడు. ఆ రిపోర్టు మీద ‘అతి రహస్యం’ అని ముద్ర పడింది కాబట్టి, అప్పీలుకు అదే ఆధారమైనా దాన్ని చదివే క్లియరెన్స్ వినోదినికి లేదు.