గుడ్డ కుక్కిన గంట

పాలంపేట నుంచి ములుగుకు వచ్చే తొవ్వలో గుండ్ల దిగుడు అని ఒకటి ఉంది. రెండు పక్కలా ఇంతెత్తు బండరాళ్లు, మధ్యలో ఒక్క బండి పట్టేంత రోడ్డు. మైలు దూరం ఒకటే వాలు. కింద వాగు, వాగుకు ఈ ఒడ్డునే పదీ పన్నెండు ఇండ్ల పల్లె.

పొద్దుగూకిందంటే ఆ దిగుడులో ఎవరూ నడవరు. రోడ్డు తీసేటప్పుడు బండలకు పెట్టిన మందు పేలి ఒక కూలీ అక్కడే పోయాడట. అప్పటి నుంచి రాత్రిపూట వెనక నుంచి వచ్చి తాకుతాడని పేరు. చప్పుడు ఉండదు. వెలుతురు ఉండదు. వీపుకు గాలి తగులుతుంది — అంతే.

దానికో కట్టడి కూడా ఉండేది. ఆ దిగుడులో ఏది తాకినా ఆగొద్దు, వెనక్కి చూడొద్దు. బండ్లవాళ్లు, సైకిళ్లవాళ్లు, ఆఖరికి లారీలవాళ్లు కూడా పాటించేవారు. చూసినవాడు ఏమయ్యాడని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయేవారు. చూసినవాడంటూ ఒకడుంటే కదా.

హన్మకొండ టాక్సీ డ్రైవరు వీరభద్రం ఆ కట్టడిని అక్షరాలా పాటించాడు. అతని కష్టమంతా అక్కడే మొదలైంది.

డెబ్బై నాలుగులో మాట. పెట్రోలు ధర చూస్తుండగానే ఆకాశానికి ఎక్కింది. వీరభద్రానికి ఉన్నదల్లా ఒక పాత అంబాసిడర్. అదేమో నీళ్లు తాగినట్టు పెట్రోలు తాగేది. ప్రతి గురువారం హన్మకొండలోని సుబేదారి ఆఫీసుకు మీటింగుకని వచ్చే ఓవర్సీరును సాయంత్రం పాలంపేటలో దించి, చీకటి పడ్డాక ఖాళీ కారుతో తిరిగొచ్చేవాడు. ఆ ఖాళీ ప్రయాణంలో కాలే ప్రతి చుక్కకూ అతని ప్రాణం ఉసూరుమనేది.

అందుకని ఒక ఉపాయం పట్టాడు. దిగుడు మొదట్లో గేరు తీసేసి, తాళం తిప్పి ఇంజన్ బందు చేసేవాడు. ఇంజన్ నడవకపోతే బ్యాటరీకి చార్జింగు ఉండదు కాబట్టి లైట్లు కూడా ఆర్పేసేవాడు. కాస్త వెన్నెల ఉంటే చాలు. కారు తన బరువుకు తనే మైలు దూరం జారి వచ్చేది. కింద వాగు దగ్గర గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజన్ మళ్లీ అందుకునేది.

మిగిలే పెట్రోలు సరే, అసలు సుఖం వేరే ఉంది. పొద్దుటి నుంచి చెవుల్లో మోగిన రొద ఒక్కసారిగా ఆగిపోయేది... టైర్ల కింద ఇసుక కరకర, బండల సందుల్లో కీచురాళ్లు, తన ఊపిరి. ఆ మైలు దూరం తను డ్రైవరు కాదు, వెనక సీట్లో కూర్చున్న దొర.

కొత్తవాడలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న ఖాజా పాషాకు ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాడు. పాషాకు నచ్చలేదు.

"కారు నోరు మూస్తే నీకు మంచిగనే ఉంటది అన్నా. ముంగట నడిచేటోనికి ఎట్ల ఎరుకైతది, నువ్వొస్తానవని?"

"రాత్రిపూట ఆ దిగుడుల నడిచేటోడు ఎవడున్నడు పాషా, దయ్యం తప్ప" అని నవ్వేశాడు వీరభద్రం.

నోరు మూసింది ఒక్క ఇంజనుకే కాదు. అతని భార్య రాజేశ్వరి ఐనవోలు జాతరలో ఇత్తడి గంట ఒకటి కొనుక్కొచ్చి, కారుకు దిష్టి తగలకుండా ముందు బంపరుకు ఎడమ పక్కన కట్టింది. కట్టడానికి తాడు దొరక్క ఇంట్లో ఉన్న పచ్చ కరెంటు తీగతో కట్టింది. గతుకుల్లో అది గణగణమంటుంటే ప్యాసింజర్లు విసుక్కునేవారు. వీరభద్రం దాని నోట్లో ఎర్ర గుడ్డ ముక్క కుక్కాడు. ఆ మాట భార్యకు చెప్పలేదు.

శివరాత్రి పోయిన రెండో గురువారం. మబ్బు కమ్మిన వెన్నెల. కారు ఎప్పటిలాగే మెల్లగా జారుతోంది. సగం దిగుడు దాటాక — ఎడమ పక్కన ఏదో మెత్తగా తగిలింది. బస్తా పక్కకు ఒరిగినట్టు. ఆ వెనక ఒక మూలుగు... లేకపోతే గాలి.

కాలు బ్రేకు మీదికి పోయింది. కట్టడి గుర్తొచ్చింది. కాలు తీసేశాడు.

వెనక్కి చూడలేదు. వాగు దగ్గర ఇంజన్ అందుకోగానే, ఎన్నడూ పోనంత వేగంగా ఇంటికి చేరాడు.

తెల్లవారి చూస్తే మడ్‌గార్డుకు చిన్న సొట్ట. గంట లేదు. తెగిన పచ్చ తీగ ముక్క ఒకటి బంపరుకు వేలాడుతోంది. సొట్టను పాషా దగ్గరికి తీసుకుపోకుండా తనే సుత్తితో కొట్టి సరిచేశాడు. గంట ఎక్కడో రాలిపోయిందని రాజేశ్వరికి చెప్పాడు.

వారం తర్వాత ములుగు చాయ్ హోటల్లో విన్నాడు. గుండ్ల దిగుడు దయ్యం వాగు ఒడ్డు పల్లె ముసలాయన్ని కొట్టిందట, కాలు విరిగిందట. పేరేమిటని అడగబోయి, ఆ నోటితోనే చాయ్ తాగాడు. కొట్టింది దయ్యమని ఊరంతా అంటోంది. దెబ్బ తిన్న మనిషే అంటున్నాడట. మధ్యలో తనకేం పని?

రెండు గురువారాలు ఇంజన్ నడుపుకుంటూనే దిగాడు. మూడో గురువారం పెట్రోలు ముల్లు వంక చూసి మళ్లీ తాళం తిప్పాడు. మనిషి మనసుకు సిగ్గు తక్కువ.

శ్రావణం వచ్చింది. ఆ గురువారం మధ్యాహ్నమంతా వాన కొట్టి, రాత్రి ఎనిమిదింటికి కాస్త తెరిపిచ్చింది. మబ్బుల సందున మసక వెన్నెల. వీరభద్రం అలవాటుకొద్దీ ఇంజన్ ఆపి, లైట్లు ఆర్పి దిగుడులోకి జారాడు.

కిందికి వచ్చాక గాని తెలియలేదు — వాగు వంతెన మీదికి ఎక్కి పారుతోంది. బ్రేకు తొక్కేసరికి ముందు చక్రాలు నీళ్లలో ఉన్నాయి. తాళం తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు గురకపెట్టి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. అదీ లేదు.

వాన మళ్లీ అందుకుంది. ముందు వాగు. వెనక మైలు ఎత్తు. అటూ ఇటూ బండలు. అద్దాలన్నీ పైకెక్కించి కూర్చుంటే, కాసేపటికే తన ఊపిరి ఆవిరే అద్దాలకు పట్టి బయటిది కనబడకుండా పోయింది. దిగాలంటే భయం, దిగకపోతే నీళ్లు. పాదాల కింద రేకు చల్లబడుతోంది.

అప్పుడు ఎవరో అద్దం మీద కొట్టారు.

వీరభద్రం తల తిప్పలేదు. కట్టడి. మళ్లీ కొట్టారు... ఇంకా మెల్లగా.

"తలుపు తియ్యే. వాగు పెరుగుతాంది, కొట్టుకపోతవు."

లాంతరు వెలుగు. ముప్పై ఏండ్లవాడు, తలమీద గోనెసంచి, వెనక ఇంకో ఇద్దరు. పేరు రాయమల్లు అని చెప్పాడు. ముగ్గురూ కలిసి కారును వెనక్కి తోసి మెరక మీద పెట్టారు.

"సప్పుడు లేదు, లైటు లేదు. కారున్నదని మీకెట్ల ఎరుకైంది?" అన్నాడు వీరభద్రం, వణుక్కుంటూ.

"మాకేం ఎరుక? మా నాయిన చెప్పిండు. వాగు కాడ కారు ఆగింది, పోయి సూడున్రి అన్నడు."

వీరభద్రానికి ఆ మాట అంతుబట్టలేదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు.

పల్లెలో మొదటి ఇల్లే వాళ్లది. గడపలో అడుగు పెట్టాడో లేదో, పక్క కొట్టంలోని చీకట్లోంచి వినిపించింది — గణ్. కాసేపాగి మళ్లీ — గణ్ గణ్.

ఆ మోత అతనికి తెలుసు. గుడ్డ కుక్కకముందు నెల రోజులు విన్నాడు.

"దూడ" అన్నాడు రాయమల్లు. "దాని మెడల ఉన్నది దయ్యం గంట. మా నాయినను కొట్టినప్పుడు ఆయన చేతిల ఊడొచ్చింది. నోట్ల గుడ్డ కుక్కి ఉండె. దయ్యం గంటకు గుడ్డ ఎందుకో మాకు సమజ్ కాలే."

మూలన మంచం మీద ముసలాయన పడుకుని ఉన్నాడు. పేరు మొగిలయ్య. కుడికాలు వంకరగా అతుక్కుపోయింది. అతిథి వైపు ఒకసారి చూసి, "కూసో బిడ్డా" అన్నాడు.

ఆయన భార్య కట్టమ్మ వేడివేడి జొన్న గటక, పచ్చిపులుసు పెట్టింది. వీరభద్రం ముద్దను కలుపుతూనే ఉన్నాడు. రాయమల్లు మాత్రం తింటూ చెప్పుకుపోతున్నాడు.

"దయ్యమని ఊకున్నం. మనిషయి ఉంటెనా... కొట్టి కూడ ఆగకుంట పోయినోన్ని నేను పానంతోని ఇడువకపోదు."

రాత్రికి వీరభద్రానికి మొగిలయ్య మంచం పక్కనే చాప వేశారు. రాయమల్లు గడపకు అడ్డంగా పడుకున్నాడు. బయట వాగు హోరు. పారిపోవాలంటే కొడుకును దాటాలి. దాటినా ఎటు పోవాలి? కారు నడవదు, వాగు దాటనివ్వదు, ఎక్కాల్సింది మళ్లీ ఆ దిగుడే.

అయినా లేచి కూర్చున్నాడు. కొట్టంలో దూడ కదిలింది. గణ్...

"నిద్ర పడతలేదా బిడ్డా." ముసలాయన గొంతు, చెవి పక్కనే.

"కొత్త జాగ గద, తాతా."

"నీకు కొత్త ఏంది. ప్రతి బేస్తారం వస్తనే ఉన్నవు గద."

ప్రతి గురువారం... వీరభద్రం గడపలో పడుకున్నవాడి వైపు చూశాడు.

"ఆ దినం జీవాలు తప్పిపోతె దేవులాడుకుంట దిగుడు ఎక్కిన" అన్నాడు మొగిలయ్య, కొడుకు వినకుండా. "మళ్ల దిగొస్తుంటె ఎనుకనుంచి కొట్టినవు. ఏదో దొరికితె పట్టుకున్న, అది ఊడి చేతికొచ్చింది. పడ్డకాన్నుంచే ఇన్న... వాగు కాడ ఇంజన్ చాలూ అయి సప్పుడు చేసింది. దయ్యానికి ఇంజన్ ఎందుకుంటది బిడ్డా?"

వీరభద్రం మంచం దగ్గరికి జరిగాడు.

"మరి... దయ్యమని ఎందుకు చెప్పినవు?"

"కారని చెప్తె వీడు ఊకుంటుండెనా. పోరలను ఎంటేసుకొని తొవ్వకు అడ్డం దుంగ పెడుతుండె. నువ్వు సీకట్ల వచ్చి గుద్దుకొని సస్తుంటివి. వీడు జైలుకు పోతుండె." ముసలాయన ఊపిరి పీల్చుకున్నాడు. "దయ్యమంటె ఎవ్వరు అటు పోరు. పోకుంటె నీ కింద పడరు. నువ్వు మానుతవో మానవో నాకేం ఎరుక."

"మానిన... రెండు వారాలు."

"ఎరుకే. రెండు బేస్తారాలు ఇంజన్ సప్పుడు ఇన్న. మూడోసారి సప్పుడు లేదు. ఆ నాటి సంది బేస్తారం వచ్చిందంటె అరుగు మీదనే కూసుంటాన. నల్లగ ఒకటి జారుకుంట పోయేదాక ఎవ్వరిని తొవ్వ మీదికి పోనియ్య. ఇయ్యాల వచ్చి ఆగింది, పోలేదు. అందుకే వీన్ని తోలిన."

వీరభద్రానికి ఏడుపొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు, గడపలో పడుకున్నవాడు లేవకుండా.

"దవాఖానకు తీస్కపోత తాతా. ఎంతయినా నేనే సూసుకుంట."

"వంకరగ అతికిన కాలుకు దవాఖాన ఏం జేస్తది. నాకొక్కటి చెయ్యి. సప్పుడు చెయ్యి."

తెల్లవారేసరికి వాగు తగ్గింది. మొగిలయ్య కొడుకును పిలిచి, దూడ మెడలోని గంట తెచ్చి కారుకు కట్టమన్నాడు.

"దయ్యం గంట కారుకెందుకే నాయినా?"

"ఆ దిగుడుల దిగేటోనికి ఉండాలెరా. కట్టు."

రాయమల్లు బంపరు ముందు గొంతుక్కూర్చున్నాడు. గంట కొక్కేనికి తెగిన పచ్చ తీగ ముక్క ఇంకా అలాగే ఉంది. కట్టడానికి చోటు వెతుకుతుంటే, బంపరుకు అలాంటిదే ఇంకో ముక్క చేతికి తగిలింది.

అతని చెయ్యి ఆగిపోయింది.

రెండు ముక్కలనూ చూశాడు. వీరభద్రాన్ని చూశాడు. పక్కనే పడి ఉన్న రాయి మీదికి అతని చూపు పోవడం వీరభద్రానికి కనిపించింది. కదలబుద్ధి కాలేదు. కొట్టనీ అనుకున్నాడు.

"కట్టు బిడ్డా" అన్నాడు మొగిలయ్య అరుగు మీది నుంచి.

రాయమల్లు చాలాసేపటికి రెండు తీగ ముక్కలనూ కలిపి మెలేశాడు. చేతిలో బలమంతా పెట్టి మెలేశాడు. లేచి, కారు వెనక్కి పోయి తోశాడు. ఇంజన్ దగ్గి దగ్గి అందుకుంది. గంట మోగింది.

తర్వాతి గురువారం వీరభద్రం ఇంజన్ నడుపుకుంటూ, లైట్లు వేసుకుని, హారన్ కొడుతూ దిగుడు దిగాడు. గంట గణగణమంటూనే ఉంది. కింద కారు ఆపి చూస్తే అరుగు ఖాళీగా ఉంది. దిగి ఇంటి ముందుకు పరుగెత్తాడు.

కట్టమ్మ వాకిట్లోకి వచ్చి నోటి మీద వేలు పెట్టింది.

"మెల్లగ బిడ్డా. నీ సప్పుడు పైనుంచే ఇనొచ్చింది. ఇనంగనే లోపటికొచ్చి పండుకున్నడు. ఆర్నెల్ల సంది బేస్తారం నాడు ఇంత జెల్ది నిద్రపోలే."