ముందు నెల, తర్వాత తేదీ

ఆగస్టు ఏడో తేదీ పొద్దున నాచారంలోని చిన్న కంటి క్లినిక్‌కు చేరేసరికి హన్నా, ఆమె తండ్రి వెంకటయ్య చెరో పక్క తడిసి ఉన్నారు. ఉన్నది ఒకటే గొడుగు. దాన్ని ఎవరి మీదికి వంచాలన్న దగ్గర దారంతా ఇద్దరికీ పేచీ.

కౌంటర్‌లో అమ్మాయి ఫైలు చూసి, వెంకటయ్య రావలసింది జూలై ఎనిమిదిన అని, నెల ఆలస్యమైందని చెప్పింది. హన్నా ఫోన్ తీసి చూపించింది. ‘మీ చెకప్ ఈరోజే’ అన్న మెసేజ్ ఆ పొద్దునే వచ్చింది. చీటీల మీద తేదీ రాయడం క్లినిక్ వాళ్ళు ఎప్పుడో మానేశారు. మెసేజ్ చూసుకొని రమ్మనేవాళ్ళు.

గొడవ ముదిరేలా ఉందని కౌంటర్ అమ్మాయి రిషిని పిలిచింది. అక్కడి కంప్యూటర్లు చూసుకునేది అతనే. జనగామ నుంచి వచ్చి, మల్లాపూర్‌లో గది తీసుకొని ఉంటున్నాడు. ఆ మెసేజ్‌ల ఏర్పాటు అతను చేసిందే. అదంటే అతనికి కొంచెం గర్వం కూడా.

"మనుషులైతే మర్చిపోతరు మేడమ్. అది కంప్యూటర్. తారీకు జూసుకొని దానంతట అదే పంపుతది" అన్నాడు.

హన్నా చున్నీతో మొహం తుడుచుకొని అతని వైపు చూసింది.

"దానికి తారీకులు నువ్వు నేర్పినవా, అది నీకు నేర్పిందా?"

బెంచీల మీదివాళ్ళు నవ్వారు. రిషికీ నవ్వొచ్చింది. ఎంత తుడుచుకున్నా ఆమె కనురెప్ప చివర ఒక చినుకు పడకుండా నిలిచి ఉంది. అది చూస్తూ జవాబు మరిచిపోయాడు.

ఆ నవ్వు కాసేపే. వెంకటయ్యకు నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపును అంచుల నుంచి మెల్లగా తినేసే జబ్బు. చుక్కల మందు జూలైలోనే అయిపోయింది. పిలిచినప్పుడు వెళ్తే కొత్తది రాసిస్తారని ఆయన ఎదురుచూశాడు. ఈలోగా కుడి కన్ను పక్కచూపు చాలావరకు పోయింది. పోయింది తిరిగి రాదని డాక్టరు చెబుతుంటే తలుపు దగ్గర నిలబడ్డ రిషి విన్నాడు. వెంకటయ్య నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఆయన ఒక్కటే అడిగాడు, డ్యూటీకి పోవచ్చా అని. మిషన్ దగ్గరికి వద్దన్నాడు డాక్టరు.

రిషి వెళ్ళి మెసేజ్‌లు పంపే తన బ్యాచ్ ఫైలు తెరిచాడు. నోట్‌ప్యాడ్‌లో రాసిన నాలుగు లైన్లు. రోజూ పొద్దున కంప్యూటర్ దాన్ని తనే నడుపుతుంది. అది ఆనాటి తేదీలో మొదటి రెండు అంకెల్ని రోజుగా, తర్వాతి రెండింటిని నెలగా తీసుకొని, ఆ తేదీ ఉన్న పేషెంట్లకు మెసేజ్ పంపుతుంది. జూన్‌లో పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. కొత్తది తేదీని తలకిందులుగా చూపిస్తోంది, ముందు నెల, తర్వాత రోజు. అందుకే ఆగస్టు ఏడు దానికి జూలై ఎనిమిది అయింది. ఇక పన్నెండు దాటిన తేదీలవాళ్ళకు అసలు మెసేజే పోలేదు, పదమూడో నెల ఎక్కడుంది?

కొత్తది పెట్టినరోజు అతను పరీక్షించే చూశాడు. ఆరోజు జూన్ ఆరు. రోజూ ఆరే, నెలా ఆరే. అంతా సరిగ్గా వెళ్ళింది. ఆ తర్వాత పేషెంట్లు తగ్గితే వానలకు అనుకున్నారు.

మేనేజర్ తిరుపతి మొత్తం విని, సరిచేసి ఊరుకోమన్నాడు, బయట ఎవరికీ చెప్పొద్దన్నాడు. సరిచేయడం నిమిషం పని. ఊరుకోవడమే రిషికి చేతకాలేదు. మెసేజ్ అందనివాళ్ళకు తన ఫోన్ నుంచి ఒక్కొక్కరికే చేయడం మొదలుపెట్టాడు. ఏదో మోసం ఫోననుకొని చాలామంది మధ్యలోనే పెట్టేశారు.

హన్నా హబ్సిగూడలో కోచింగ్ సెంటర్ ఆఫీసులో పనిచేసేది. ఫైల్లోని నంబరుకు ఫోన్ చేసి, ఒక సాయంత్రం అక్కడి మెట్రో మెట్ల కింద ఆమె కోసం నిలబడి, జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె అరవలేదు. వాన వైపు చూస్తూనే అడిగింది.

"మా నాన్న లెక్క ఇంకెంతమంది?"

"శానమంది. ఫోన్లు జేస్తున్న. నన్ను దొంగ అనుకుంటున్నరు."

"అనుకోరా మరి. వణుక్కుంట మాట్లాడుతున్నవు" అని చేయి చాపింది. "నంబర్లియ్యి. నేను జేస్త."

అలా మొదలైంది. సాయంత్రాలు ఉప్పల్ మెట్రో కింద టీ బండి దగ్గర నిలబడి ఇద్దరూ ఫోన్లు చేసేవాళ్ళు. హన్నా గొంతు విని జనం ఆగేవారు. ఫోన్‌లో దొరకని సారలమ్మ అనే పేషెంటు కోసం మౌలాలి దాకా బైకు మీద వెళ్ళారు. ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి. మెసేజ్‌లు తనకు చదవరాదని, కన్ను మండితే తనే పోతానని చెప్పి, ఇద్దరికీ అన్నం పెట్టింది. ఆరోజు తిరుగుదారిలో హన్నా పగలబడి నవ్వింది. ముసురు కూడా బాగుంటుందని రిషికి అప్పుడే తెలిసింది.

అన్నీ అలా కాలేదు. బుచ్చిరాములు అనే పెద్దాయన విని, "ఇప్పుడెందుకు బిడ్డా, చూపంత పోయినంక" అని మాత్రమే అన్నాడు. ఆ సాయంత్రం ఇంకెవరికీ చేయలేకపోయారు.

పేషెంట్లు వచ్చి అడగడంతో క్లినిక్ వాళ్ళు రిషిని తీసేశారు. పోచారంలో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో చేరాడు. అక్టోబరులో, వాన వెలిసిన ఒక సాయంత్రం, హన్నాతో తన మనసులో మాట చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్వదా? నాకూ గట్లనే ఉంది. గని ముందు నాన్నకు చెప్పు. ప్రేమ సంగతి కాదు, కన్ను సంగతి. నేను చెప్పబోయిన దినమల్ల నోరు రాలే."

మరునాడే రిషి ఉప్పల్‌లో వాళ్ళింటికి వెళ్ళాడు. కంపెనీ అప్పటికే వెంకటయ్యను మిషన్ నుంచి తప్పించి పనిముట్లు అందించే టూల్ రూంలో కూర్చోబెట్టింది, జీతం తగ్గించి. రిషి తన తప్పంతా చెప్పాడు.

"తెల్వకనే జేసినవు, ఒప్పుకుంట. గని పోయింది నా కన్ను గద" అన్నాడు వెంకటయ్య. "ఇగ పో బిడ్డా."

హన్నా అతన్ని ఆపలేదు, గేటు దాకా రానూ లేదు. ఆ తర్వాత ఆమె నుంచి ఫోన్ లేదు. మిగిలిన నంబర్లకు రిషి ఒక్కడే చేశాడు. హన్నాలాగే నెమ్మదిగా మాట్లాడుతుంటే ఇప్పుడు జనం వింటున్నారు. అలవాటు కొద్దీ ఫోన్ పక్కకు అందించబోయి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి ఆగిపోయేవాడు.

నవంబరు చివర ఒక ఆదివారం ఫోన్ మోగింది. ప్రార్థన అయ్యే వేళకు చర్చి దగ్గరికి రమ్మంటున్నాడు నాన్న అని మాత్రం చెప్పి హన్నా పెట్టేసింది. రిషి ముందే వెళ్ళి గేటు బయట నిలబడ్డాడు. కూతురి చేయి పట్టుకొని వెంకటయ్య మెల్లగా వచ్చాడు. హన్నా చిక్కిపోయింది.

"నీ మీద కోపం పోలే" అన్నాడు వెంకటయ్య. "పోతదో లేదో తెల్వదు. గని నౌకరి పోతదని తెలిసి కూడ అందరికి చెప్పుకుంట తిరిగినవని క్లినిక్‌ల విన్న. ఇది ఇంట్ల నీ పేరెత్తదు. అన్నం కూడ సక్కగ తింటలేదు."

హన్నా తల దించుకుంది.

ఇల్లు రోడ్డుకు అవతల. ఆదివారమైనా బస్సులు ఆగడం లేదు. వెంకటయ్య రోడ్డు అంచున ఆగి, ఎడమ పక్కన ఉన్న కూతురి చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"బండ్లొచ్చేది కుడి దిక్కు నుంచి. నాకు అటు ఏం కనబడదు" అన్నాడు. "అటు నువ్వు నడువు."

రిషి చుట్టూ తిరిగి ఆయన కుడి పక్కకు వచ్చాడు. లేత్ మీద కాయలు కాసిన చేయి అతని భుజాన్ని తడుముకొని పట్టుకుంది. తండ్రి మీదుగా హన్నా ఒక్కసారి అతని వైపు చూసింది. రిషి వస్తున్న బస్సుకు చేయి అడ్డం పెట్టాడు. ముగ్గురూ రోడ్డు మీదికి అడుగు వేశారు.